‘వైట్స్’ కప్ప తెల్లది కాదు

సంపాదకులకు నమస్కారం.

పిల్లల పేజీల్లో, ఆదివారం అనుబంధాల్లో, వన్యప్రాణుల వార్తల్లో ఇప్పుడు చెట్టుకప్పలు తరచుగా కనిపిస్తున్నాయి. మంచిదే. అయితే ఆ సమాచారం దాదాపు అంతా ఇంగ్లీషు నుంచి వస్తోంది, దానితోపాటే ఇంగ్లీషు వాడుక పేర్లూ వస్తున్నాయి. వాటిని మాటకు మాట తెలుగులో పెట్టేయడంతో చాలాసార్లు ఏకంగా కప్పే మారిపోతోంది. ఒక ఖండంలోని కప్ప గురించి రాసిన వార్తకు మరో ఖండంలోని కప్ప బొమ్మ పడుతోంది. అనువదించేవారికి, పేజీలు దిద్దేవారికి పనికొస్తుందని ఈ ఉత్తరం కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ‘వైట్స్ ట్రీ ఫ్రాగ్’. దీన్ని ‘తెల్ల చెట్టుకప్ప’ అని రాస్తే తప్పు. ఆ కప్ప నిగనిగలాడే ఆకుపచ్చ రంగులో, బొద్దుగా, 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో ఇళ్లలోకీ వస్తుంది. పేరులోని ‘వైట్’ రంగు కాదు, మనిషి. 1788లో ఆస్ట్రేలియా చేరిన తొలి బ్రిటిష్ నౌకాదళానికి ప్రధాన శస్త్రవైద్యుడైన జాన్ వైట్, 1790లో అచ్చయిన తన ప్రయాణ గ్రంథంలో ఈ కప్పను వర్ణించాడు. ఇంగ్లీషులో ‘వైట్’ తర్వాత అపాస్ట్రఫీ, ‘ఎస్’ ఉంటాయి. ఆ చిన్న కొక్కెం కనిపిస్తే అది మనిషి పేరు, దాన్ని అనువదించకూడదు. ‘కోప్స్’, ‘వాలెసెస్’ అన్నవీ ఇలాంటివే. తెలుగు లిపిలోకి వచ్చేసరికి ఆ కొక్కెం రాలిపోతుంది, రంగే మిగిలిందనిపిస్తుంది. అందుకే ‘జాన్ వైట్ పేరున్న చెట్టుకప్ప’ అని ఒక్కసారి విప్పి రాస్తే చాలు.

ఇదే కప్పకు శాస్త్రీయ నామంలో ఇంకో రంగు ఉంది. ‘సెరులియా’ అంటే లాటిన్‌లో నీలం. ఆకుపచ్చ కప్పకు నీలం పేరెందుకు? చెట్టుకప్ప చర్మంలో ఆకుపచ్చ రంగుద్రవ్యం అంటూ విడిగా ఉండదు. పైపొర కణాల్లో పసుపు రంగుద్రవ్యం ఉంటుంది, దాని కింద ఉన్న కణాలు నీలి కాంతిని వెనక్కి తిప్పుతాయి. పసుపులోంచి నీలం బయటికి రావడం వల్ల మన కంటికి ఆకుపచ్చ కనిపిస్తుంది. చచ్చిన కప్పను సారాయిలో వేసి నిల్వచేస్తే పసుపు కరిగిపోయి నీలం మిగులుతుంది. సీసాలోని నీలి కప్పను చూసి పెట్టిన పేరు అది. శాస్త్రీయ నామాన్ని కూడా అనువదించి ‘నీలి కప్ప’ అని రాయకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు. శాస్త్రీయ నామం గుర్తింపు చీటీ, అందులో వర్ణన వెతక్కూడదు.

ఆ చీటీ కూడా మారుతూ ఉంటుందన్నది నిజమే. ఈ కప్ప మొదట రానా ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, తర్వాత హైలాలో, ఆ తర్వాత లిటోరియాలో చేరింది. ఈమధ్య కొందరు రానోయిడియా అంటున్నారు. వెనక మాట ‘సెరులియా’ మాత్రం ఎప్పుడూ వదల్లేదు. పాత పుస్తకంలో ఒక పేరు, కొత్త వ్యాసంలో ఒక పేరు కనిపిస్తే కంగారుపడకుండా రెండో మాటను పట్టుకోవాలి. ఒక్కోసారి మొదటి మాట వ్యాకరణ లింగాన్ని బట్టి దాని చివరి అక్షరాలు మారతాయి. అమెరికా ఆకుపచ్చ కప్ప ‘హైలా సినెరియా’గా ఉన్నది ‘డ్రయోఫైటిస్ సినెరియస్’ అయింది అలాగే.

‘గ్రీన్ ట్రీ ఫ్రాగ్’ అన్న పేరు ఇంకా చిక్కు. అమెరికాలో ఆ పేరు చెబితే ఇప్పుడు చెప్పిన సినెరియస్. ఆస్ట్రేలియాలో చెబితే జాన్ వైట్ కప్ప. యూరప్ గురించి రాసిన పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ఆకుపచ్చగా, బొటనవేలంత ఉండే హైలా అర్బోరియాకూ ఈ పేరు పడింది. మూడు వేర్వేరు కప్పలు, మూడు ఖండాలు. అమెరికాది సన్నగా ఉంటుంది, చాలావాటికి పక్కన తెల్లటి చార ఉంటుంది. ఆస్ట్రేలియాది లావు, కంటిమీదుగా చెవి వెనక్కి కొవ్వుమడత దిగుతుంది. ఒకదాని పెంపకం సూచనలు మరోదానికి వర్తింపజేస్తే ప్రాణికే చేటు. వార్త ఏ దేశానిదో చూడకుండా ‘ఆకుపచ్చ చెట్టుకప్ప’ అని రాస్తే పాఠకుడికి ఏమీ చెప్పనట్టే. ఇంగ్లీషు వాడుక పేర్లు కప్పల తక్కెడ, ఒకదాన్ని పళ్లెంలో కుదిరిస్తే ఇంకోటి బయటికి దూకుతుంది.

బొమ్మ తప్పు పడేది ఎక్కువగా ‘రెడ్ ఐడ్ ట్రీ ఫ్రాగ్’ దగ్గర. ఈ పేరున్న కప్పలు రెండు. క్యాలెండర్లలో, పోస్టర్లలో కనిపించేది మధ్య అమెరికాది, అగాలిక్నిస్ కాలిడ్రియాస్. 1862లో అమెరికా శాస్త్రవేత్త కోప్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. రెండోది తూర్పు ఆస్ట్రేలియా వర్షారణ్యాల్లోని లిటోరియా క్లోరిస్. ఫొటో పెద్దది చేసి కంటిపాప చూడండి. మధ్య అమెరికా కప్పకు పాప పిల్లికి ఉన్నట్టు నిలువు గీతలా ఉంటుంది. ఆస్ట్రేలియా కప్పకు అడ్డంగా ఉంటుంది. తర్వాత పక్కటెముకల వైపు చూడండి. నీలం మీద పసుపు పట్టీలు, నారింజ రంగు పాదాలు ఉంటే అది మధ్య అమెరికాది. పక్కలు సాదాగా ఆకుపచ్చగా ఉండి పొట్ట పసుపుగా ఉంటే ఆస్ట్రేలియాది. కప్ప నిద్రలో ఉంటే కళ్లూ కనిపించవు, పక్కలూ కనిపించవు. అలాంటి ఫొటోతో పేరు తేల్చకపోవడమే మేలు.

పేరు కలిసిపోతే జీవితచరిత్ర కూడా కలిసిపోతుంది. పాము దాడి చేస్తే గుడ్లలోని పిల్లలు గడువుకు ముందే బయటికొచ్చి, నీళ్లలోకి జారి తప్పించుకుంటాయన్న విషయం 1995లో కారెన్ వార్కెంటిన్ పరిశోధనతో వెల్లడైంది. అది మధ్య అమెరికా కప్ప సంగతి. అది నీటిపైకి వేలాడే ఆకులకు గుడ్లు అంటిస్తుంది. పామో కందిరీగో వాటిని కదిలించినప్పుడు, నాలుగైదు రోజుల వయసొచ్చిన పిండాలు నిమిషాల్లో బయటపడతాయి. మామూలుగా అయితే ఆరేడు రోజులు పడుతుంది. ఆస్ట్రేలియా కప్ప నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. ఆ వార్తకు దాని బొమ్మ వేస్తే, ఆకు మీద లేని గుడ్ల గురించి పాఠకుడికి చెప్పినట్టవుతుంది.

అసలు ‘ట్రీ ఫ్రాగ్’ అన్న మాటే బంధుత్వాన్ని చెప్పేది కాదు. వేళ్ల చివర గుండ్రటి మెత్తలు, సన్నటి నడుము, పొడుగు కాళ్లతో చెట్టెక్కి బతికే కప్ప కనిపిస్తే ఇంగ్లీషువాళ్లు ఆ పేరు పెట్టేశారు. అమెరికా ఖండాల్లో, యూరప్‌లో ఉన్న చెట్టుకప్పలు ఎక్కువగా హైలిడే కుటుంబం. దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లో ఉన్నవి ఎక్కువగా రాకోఫోరిడే. హైలిడేకు దగ్గరి చుట్టాలు టోడ్‌లు, అంటే గరుకు చర్మపు బొండ్రుకప్పలు; రాకోఫోరిడేకు దగ్గరి చుట్టాలు చెరువుల్లోని మామూలు కప్పలు. అంటే భారతదేశంలో గోడెక్కే చెట్టుకప్ప, అమెరికా చెట్టుకప్పకంటే పొలం గట్టు మీది కప్పకే దగ్గర. ఈ రెండు కుటుంబాల్లోనూ వేలి చివరి రెండు ఎముకల మధ్య ఒక చిన్న మృదులాస్థి ముక్క అదనంగా ఉంటుంది. దానివల్ల వేలి మెత్త ఏ కోణంలోనైనా ఆకుకు సమంగా అతుక్కుంటుంది. ఒకే పని కోసం ఒకే ఏర్పాటు రెండు చోట్ల విడివిడిగా పుట్టింది. హైలా కప్పలు భారత్‌లో అసలే లేవని రాయడమూ సరికాదు, ఈశాన్య రాష్ట్రాల్లో హైలా అనెక్టన్స్ ఉంది.

కాబట్టి ‘చెట్టుకప్ప జాతి’ అని రాయడం మానేయాలి. అది జాతీ కాదు, ప్రజాతీ కాదు, ఒక్క కుటుంబం కూడా కాదు. ‘చెట్టుకప్పల్లో ఒకటి’ అంటే సరిపోతుంది. చెట్టుకప్ప కుటుంబంలో పుట్టి చెట్టెక్కనివీ ఉన్నాయి. అమెరికాలోని క్రికెట్ ఫ్రాగ్‌లు హైలిడేలో ఉన్నా నీటి ఒడ్డున నేల మీదే గెంతుతాయి. ఆస్ట్రేలియాలో నీళ్లు నింపుకుని నేలలో పూడుకునే కప్ప కూడా ఆ దేశపు చెట్టుకప్పల బంధువే. ఇటు చూస్తే చెట్ల మీదే బతికే గాజుకప్పలను, అంటే పొట్టలోంచి అవయవాలు కనిపించే ‘గ్లాస్ ఫ్రాగ్’లను, ఎవరూ ట్రీ ఫ్రాగ్ అనరు. సినిమాల్లో కప్ప ‘రిబిట్’ అనడం విన్నవారికి ఒక మాట. ప్రపంచంలో అన్ని కప్పలూ అలా అరవవు. అలా అరిచేది అమెరికా పశ్చిమ తీరంలోని పసిఫిక్ ట్రీ ఫ్రాగ్. హాలీవుడ్‌కు అందుబాటులో ఉన్న అరుపు అది. ఆ కప్పనే ఇప్పుడు చాలామంది ‘పసిఫిక్ కోరస్ ఫ్రాగ్’ అంటున్నారు.

పేరు చాలదని ఒప్పుకోవాల్సిన చోటు ‘గ్రే ట్రీ ఫ్రాగ్’. తూర్పు అమెరికాలో ఈ రూపంతో రెండు జాతులున్నాయి, డ్రయోఫైటిస్ వెర్సికలర్, డ్రయోఫైటిస్ క్రైసోసెలిస్. రెండూ బెరడు రంగులో ఉంటాయి, రెండూ బూడిద నుంచి ఆకుపచ్చకు మారతాయి, రెండింటి తొడల లోపలివైపూ నారింజ పసుపే. చేతిలో పట్టుకుని చూసినా తేల్చలేరు. తేడా కణాల్లో ఉంది. క్రైసోసెలిస్‌కు 24 క్రోమోజోములు, వెర్సికలర్‌కు సరిగ్గా రెట్టింపు, 48. ఆ లెక్క 1970లో బయటపడింది. విశేషమేమంటే, దాన్ని ప్రకటించిన పరిశోధకుడు శీర్షికలో ఆ కప్పను ‘ట్రీ ఫ్రాగ్’ అనలేదు, ‘ట్రీ టోడ్’ అన్నాడు. అప్పటికి అమెరికాలో ఆ వాడుకా ఉంది. పాత అమెరికన్ రచనల్లో ట్రీ టోడ్ కనిపిస్తే చెట్టెక్కిన టోడ్ అని కాదు, చెట్టుకప్ప అనే అర్థం.

పొలాల్లో తిరిగేవారు ఈ జంటను చెవితో గుర్తిస్తారు. రెండూ గరగరమని గొలుసుకట్టుగా కూస్తాయి. ఒకే వేడిమిలో క్రైసోసెలిస్ కూత దాదాపు రెట్టింపు వేగంగా, గరుకుగా ఉంటుంది. వెర్సికలర్‌ది నింపాదిగా, చెవికి ఇంపుగా ఉంటుంది. ఇక్కడ పప్పులో కాలేసేవాళ్లు చాలామంది. కప్ప కూత వేగం వాతావరణం వేడితోపాటు పెరుగుతుంది. ఉక్కపోత రాత్రి వెర్సికలర్ కూత, చల్లటి రాత్రి క్రైసోసెలిస్ కూత పక్కపక్కన పెడితే వేగం కలిసిపోవచ్చు. అందుకే రికార్డింగు చేసేవారు ఆ క్షణాన ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి, లేకపోతే ఆ రికార్డింగుతో పేరు తేలదు. ఈ తేడా తెలియని రోజుల్లో ‘గ్రే ట్రీ ఫ్రాగ్’ అని నమోదు చేసినవి ఈ రెండింటిలో ఏదైనా కావచ్చు. కోప్ 1880లో వర్ణించిన క్రైసోసెలిస్‌ను ఇప్పుడు ‘కోప్స్ గ్రే ట్రీఫ్రాగ్’ అంటున్నారు. ఉత్త ‘గ్రే’ అని ఉంటే వెర్సికలర్ అని ఊహించేయకండి.

ఇక రాతలో తేడాలు. అమెరికాలోని సరీసృప, ఉభయచర శాస్త్రవేత్తల సంఘం ప్రామాణిక పేర్ల పట్టికలో ‘ట్రీఫ్రాగ్’ ఒకే మాట. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఎక్కువగా రెండు మాటలు. పాత పుస్తకాల్లో మధ్యలో అడ్డగీత. ‘గ్రే’కు అమెరికాలో ఒక స్పెల్లింగు, బ్రిటన్‌లో ఒకటి. ఒకే కప్ప గురించి వెతికేటప్పుడు ఈ రూపాలన్నీ కొట్టి చూడాలి, లేదా నేరుగా శాస్త్రీయ నామం కొట్టాలి. ఫలానా వాడుక పేరే సరైనదని తీర్పు చెప్పే ప్రపంచ సంస్థ లేదు. జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఉంది కానీ అది శాస్త్రీయ నామాల వరకే.

ఒకే మాటా, రెండు మాటలా అన్న ప్రశ్న తెలుగులో మరీ ముఖ్యం. ‘ఆకుపచ్చ చెట్టు కప్ప’ అని విడగొడితే ఆకుపచ్చదనం చెట్టుదా కప్పదా? ‘మొరిగే చెట్టు కప్ప’ అంటే చెట్టే మొరుగుతున్నట్టుంది. ‘చెట్టుకప్ప’ అని కలిపి రాస్తే విశేషణం కప్పకే అంటుకుంటుంది: మొరిగే చెట్టుకప్ప. అది ‘బార్కింగ్ ట్రీఫ్రాగ్’, డ్రయోఫైటిస్ గ్రాటియోసస్. దాని కూత నిజంగానే దూరపు కుక్క మొరుగులా ఉంటుంది. ‘గ్రీన్’కు ఉత్త ‘పచ్చ’ అనొద్దు. తెలుగులో పచ్చ పసుపూ కావచ్చు, ఆకుపచ్చా కావచ్చు. రంగే గుర్తుగా ఉన్న పేర్లలో ఆ సందిగ్ధం ఉండకూడదు.

‘ఫ్లయింగ్ ఫ్రాగ్’ను ‘ఎగిరే కప్ప’ అనడం కూడా నాకు నచ్చదు. తెలుగులో గెంతినా ఎగిరినట్టే, ఆ లెక్కన ప్రతి కప్పా ఎగిరే కప్పే. ఈ కప్పల గొప్ప అది కాదు. కాలివేళ్ల మధ్య పొరలను గొడుగులా చాచి, కొమ్మ మీంచి ఏటవాలుగా గాలిలో జారుకుంటూ దిగుతాయి. ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్‌కు బోర్నియోలో ఒక చైనా పనివాడు ఇలాంటి కప్పను తెచ్చి ఇచ్చాడు. ఒళ్లు నాలుగు అంగుళాలు, పాదాల పొరలన్నీ చాస్తే మొత్తం పన్నెండు చదరపు అంగుళాలు అని వాలెస్ కొలిచి 1869లో రాశాడు. 1895లో జంతుశాస్త్రవేత్త బౌలెంజర్ దానికి పెట్టిన పేరు రాకోఫోరస్ నిగ్రోపాల్మేటస్, అంటే నల్ల అరచేతులది. పశ్చిమ కనుమల్లో ఉండే రాకోఫోరస్ మలబారికస్‌ను ఒకప్పుడు ‘మలబార్ ఫ్లయింగ్ ఫ్రాగ్’ అనేవారు, ఇప్పుడు ‘గ్లైడింగ్’ అని దిద్దుకుంటున్నారు. ఇంగ్లీషువారే దిద్దుకున్నాక మనం పాత పేరును అనువదించడం దేనికి? ‘గాలిలో జారే కప్ప’ అంటే పిల్లలకూ అర్థమవుతుంది.

పాలిపెడేట్స్ మాక్యులేటస్‌కు ఇంగ్లీషులో ‘కామన్ ఇండియన్ ట్రీ ఫ్రాగ్’ అని ఒక పేరు, ‘చునం ట్రీ ఫ్రాగ్’ అని ఇంకో పేరు. వానాకాలంలో ఇంటి గోడలకు, స్నానాల గదుల్లో అతుక్కుని కనిపించే కప్ప ఇది. ‘చునం’ ఊరి పేరనుకునో మనిషి పేరనుకునో అలాగే వదిలేస్తారు. అది సున్నం. భారతదేశపు మాట ఆంగ్లో ఇండియన్ ఇంగ్లీషులోకి వెళ్లి సున్నపు గచ్చుకు పేరైంది, అక్కడి నుంచి కప్ప పేరులోకి చేరింది. దీన్ని ‘సున్నపు చెట్టుకప్ప’ అని నిస్సంకోచంగా రాయవచ్చు. అనువాదంలో మన మాట మన దగ్గరికే తిరిగొస్తుంది.

‘కామన్’ను ‘సాధారణ’ అని రాస్తే ఆ కప్ప ఎక్కడ చూసినా ఉన్నట్టు వినిపిస్తుంది. అది సంఖ్య గురించి చెప్పే మాట కాదు, పేరు పెట్టిన కాలంలో పెట్టినవారి కంట ఎక్కువగా పడిందని మాత్రమే. ‘మిల్క్ ఫ్రాగ్’ను ‘పాలకప్ప’ అంటే సాధువనిపిస్తుంది. అమెజాన్‌లోని ఆ కప్ప, ట్రాకిసెఫాలస్ రెసినిఫిక్ట్రిక్స్, భయపడితే చర్మం నుంచి కార్చేది పాలలా తెల్లగా ఉండే విషపు జిగురు. అనువదించినచోట ఆ ఒక్క వాక్యం జోడించాలి. ‘రెయిన్ ఫ్రాగ్’ అయితే దక్షిణ అమెరికా ఖండంలో ఒక గుంపు, ఆఫ్రికాలో నేల తవ్వుకునే మరో గుంపు, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వానకు ముందు కూసే స్క్విరల్ ట్రీఫ్రాగ్.

పేజీ దిద్దేవారు చేయగలిగిన పని ఎక్కువేమీ కాదు. మూల వార్తలో శాస్త్రీయ నామం ఎక్కడుందో ముందు వెతకండి, సాధారణంగా మొదటి రెండు పేరాల్లోనో ఫొటో కిందో ఉంటుంది. అది లేకపోతే ప్రాంతం పట్టుకోండి. ఖండం తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ ఆన్‌లైన్‌లో ఉంచిన ఉభయచరాల పట్టికలో ఒక్కో జాతికి వాడిన ఇంగ్లీషు పేర్లు, పాత శాస్త్రీయ నామాలు వరుసగా దొరుకుతాయి. అక్కడ సరిచూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. తెలుగు పేరు పెట్టాక మొదటి ప్రస్తావనలో ప్రాంతం కలపండి: ‘మధ్య అమెరికా ఎర్రకళ్ల చెట్టుకప్ప’. తర్వాత ‘ఈ కప్ప’ అంటే చాలు.

ఇంకొక్క కోరిక. శాస్త్రీయ నామాన్ని తెలుగు లిపిలో రాస్తే ఒకరు హైలా అంటారు, ఒకరు హిలా అంటారు, ఆసక్తి పుట్టిన విద్యార్థి దాన్ని పట్టుకుని వెతకలేడు. ఫొటో కింద ఒక్కసారి రోమన్ లిపిలో, వాలు అక్షరాల్లో, మొదటి మాటకు మాత్రం పెద్దక్షరంతో వేయండి. దాని పక్కన ఫొటో ఎక్కడ తీసిందో ఒక మాట.

ఇట్లు,
మీ పాఠకుడు